ఆ అడవి ఖాళీగా లేదు

మూడేళ్ల కిందట మా చిన్నతాతగారి గురించి ఇక్కడ రాసినప్పుడు చివర్లో ఒక వాక్యం పెట్టాం. "ఎవరూ లేని అడవిని నరికి మనవాళ్లు పోర్ట్ బ్లెయిర్‌ని ఊరు చేశారు" అని. అందరూ మెచ్చుకున్నారు. పెళ్లిళ్లలో కలిసినప్పుడు కూడా "ఆ ఒక్క మాట బలే రాశారండీ" అన్నవాళ్లు ఉన్నారు.

ఆ మాట అబద్ధం. తీసేస్తున్నాం. చడీచప్పుడు లేకుండా తీసేసి ఊరుకుంటే అది ఇంకో అబద్ధం అవుతుంది కాబట్టి, ఎందుకు తీసేస్తున్నామో చెప్పి మరీ తీసేస్తున్నాం.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. మాది నాలుగు తరాలుగా పాత వాషర్‌మెన్‌పేట్. మా వాళ్లు నెల్లూరు వైపు నుంచి బట్టల వ్యాపారం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. 1950లలో మా తాతయ్య తమ్ముడు ఈ హార్బరులోనే ఓడ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్లి, చాథమ్ రంపపు మిల్లులో గుమాస్తాగా చేరారు. అక్కణ్ణుంచి ఆయన పంపిన ఎర్రటి పడాక్ కర్ర కుర్చీ ఇప్పటికీ మా ముందుగదిలో ఉంది. తాతయ్య పోయేదాకా అందులో వేరేవాళ్లు కూర్చున్నది లేదు.

పోయిన సంక్రాంతికి మెల్‌బోర్న్ నుంచి మా మనవరాలు వచ్చింది. అక్కడి స్కూళ్లలో సభ మొదలుపెట్టేముందు, ఈ నేల ఫలానా ఆదివాసులది అని ఆ జాతి పేరు చెప్పి, నమస్కరించి, తరవాతే మాట్లాడతారట. ఆ కుర్చీ కథ మేము ఎప్పటిలాగే గొప్పగా చెప్తుంటే ఆ పిల్ల అడిగింది: "మరి పోర్ట్ బ్లెయిర్‌లో ఎవరి పేరు చెప్తారు, తాతా?" పదిమంది పెద్దవాళ్లం ఉన్నాం గదిలో. ఒక్కరికీ తెలీదు. "అక్కడ ఎవరూ ఉండేవాళ్లు కాదమ్మా" అని ఒకరు, "అడవి మనుషులు" అని ఇంకొకరు.

బ్రిటన్ తన ఖైదీలను ఓడల్లో పోసి ఆస్ట్రేలియాకి తోలిన సంగతి ఆ పిల్లకి బడిలో చెప్పారు. అదే బ్రిటన్ అదే పనిని మన మద్రాసు రేవు నుంచి కూడా చేసిందని మన పిల్లలకి మనం చెప్పలేదు.

కాలాపానీ అనగానే మనకి గుర్తొచ్చేది సెల్యులర్ జైలు, గానుగ, గొలుసులు. అది 1906లో కట్టడం పూర్తయిన జైలు. కథ అంతకన్నా వందేళ్లు ముందే మొదలైంది. కంపెనీవాళ్లు మద్రాసు రాజధాని ఖైదీలను ముందు సుమాత్రాలో బెంకూలెన్‌కి తోలారు, తరవాత పెనాంగ్‌కి, మలక్కాకి. 1825 ఏప్రిల్ 18న సింగపూరులో దిగిన మొట్టమొదటి ఖైదీల గుంపు 80 మంది. మద్రాసు నుంచి బెంకూలెన్‌కి వెళ్లినవాళ్లే వాళ్లు. సింగపూరు రోడ్లు, కాలవలు, ఆ తెల్లటి సెయింట్ ఆండ్రూస్ చర్చి, అన్నిట్లో భారతీయ ఖైదీల చెమట ఉంది. ఇక్కడ మన సెంట్రల్ స్టేషన్ దగ్గర, జనరల్ ఆసుపత్రి వెనకాల 1837లో కట్టిన పెనిటెన్షియరీ ఉండేది కదా, సముద్రం దాటించాల్సినవాళ్లని ఓడ వచ్చేదాకా ఉంచింది అక్కడే. 2009లో కూల్చేశారు. మా వీధి నుంచి స్టాన్లీ ఆసుపత్రికి వెళ్లే దారికి ఇప్పటికీ ఓల్డ్ జైల్ రోడ్ అనే పేరు. రోజూ ఆ పేరు పలుకుతూనే తిరుగుతాం. అదేం జైలు, అందులో ఎవరుండేవాళ్లు అని అడిగింది లేదు.

ఇక అండమాన్. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ ఒకసారి వలస పెట్టాడు, రోగాలకి తట్టుకోలేక 1796లో ఎత్తేశారు. సిపాయిల తిరుగుబాటు తరవాత ఖైదీలను ఎక్కడ పెట్టాలో తెలీక మళ్లీ ఆ దీవులే గుర్తొచ్చాయి. 1858 మార్చి 10న జేమ్స్ ప్యాటిసన్ వాకర్ అనే డాక్టరు 200 మంది ఖైదీలతో దిగాడు. మొదటి పని అడవి కొట్టడం. కాళ్లకి ఇనుము, చేతికి గొడ్డలి. కొన్ని వారాల్లోనే వందలమంది పారిపోయారు, బర్మా నడిచిపోవచ్చని నమ్మి. తిరిగొచ్చినవాళ్లలో 80 మందికి పైగా ఒక్కరోజే ఉరి తీయించాడు ఆ డాక్టరు. మనవాళ్లు పడిన బాధ చిన్నదని మేము అనడం లేదు. ఎవరూ అలా చదువుకోకండి.

కానీ ఆ గొడ్డలి పడిన అడవి ఎవరిది? దక్షిణ అండమాన్ నుంచి ఉత్తరం చివరిదాకా పది తెగలవాళ్లు, ఒక్కొక్కరికి ఒక్కో భాష, ఒక్కో తీరం. వాళ్లందరినీ కలిపి గ్రేట్ అండమానీస్ అని పేరు పెట్టింది బయటివాళ్లు. 1858 నాటికి 5 వేలకు అటూ ఇటూ ఉండేవారని పరిశోధకుల అంచనా. అడవి పోతుంటే వాళ్లు ఊరుకోలేదు. 1859 ఏప్రిల్‌లో ఖైదీలు పని చేసేచోట దాడి చేశారు. అప్పటి నివేదికల్లోనే ఒక సంగతి ఉంది, మాకు అది చదివి నోట మాట రాలేదు. కాళ్లకి బేడీలున్న ఖైదీలను వాళ్లు ఏమీ చేయలేదట. పక్కకి రమ్మని సైగ చేశారట. వాళ్ల బాణం ఖైదీల మీద పెత్తనం చేసే మేస్త్రీల మీదికి, నావికాదళంవాళ్ల మీదికి. ఎవరు కట్టుబడినవాడో, ఎవరు కట్టినవాడో వాళ్లకి తెలుసు. వచ్చి ఏడాదే అయింది, ఒకళ్ల భాష ఇంకొకళ్లకి రాదు, అయినా తెలుసు. నూట అరవై ఏళ్లు గడిచినా మనకి మాత్రం వాళ్లు "అడవి మనుషులు".

ఆ మరుసటి నెలలో జరిగిందే అబర్డీన్ యుద్ధం. దూధ్‌నాథ్ తివారీ అని ఒక సిపాయి ఖైదీ. 1858లో పారిపోయి వాళ్ల చేతికి చిక్కాడు. తోటివాళ్లు చచ్చిపోయినా ఇతన్ని బతకనిచ్చారు, తమతో ఉంచుకున్నారు, తమ ఆడపిల్లలని ఇచ్చి పెళ్లి చేశారు. ఏడాదికి పైగా వాళ్ల తిండి తిన్నాడు. వాళ్లు పెద్ద దాడికి సిద్ధమవుతున్నారని తెలియగానే, కడుపుతో ఉన్న భార్యని వదిలి, పరిగెత్తుకొచ్చి వాకర్‌కి చెప్పేశాడు. తుపాకులు, ఓడ మీది ఫిరంగులు సిద్ధంగా ఉన్నచోటికి వాళ్లు విల్లంబులతో వచ్చారు. తివారీకి 1860లో క్షమాభిక్ష దొరికింది. ఇంటికెళ్లాడు.

తివారీ ద్రోహి అని తీర్పు చెప్పేసి చేతులు దులుపుకోవడం తేలిక. మేమూ ముందు అదే చేశాం. కానీ ఆ వ్యవస్థ నడిచిందే అలా కదా. ఖైదీకి ఇల్లు చూపించి ఆదివాసిని పట్టించడం. ఆ తరవాత కొన్నేళ్లకి తిరగేశారు. లొంగిన అండమానీయులకి పొగాకు అలవాటు చేసి, పారిపోయిన ఖైదీలను పట్టిస్తే బహుమానం ఇచ్చారు. జారవాల మీదికి దండు వెళ్లినప్పుడు దారి చూపడానికీ వాళ్లే. ఒకడి మీద ఇంకొకణ్ణి. తెల్లవాడి చేతికి మట్టి అంటలేదు.

1863లో రాస్ దీవిలో అండమాన్ హోమ్ అని పెట్టారు. పేరు చూసి మోసపోకండి. అడవిలోంచి తెచ్చిన జనాన్ని అక్కడ ఉంచి, బట్ట కట్టించి, మచ్చిక చేయడం. ఖైదీలు, సైనికులు, ఓడలవాళ్లు తెచ్చిన రోగాలన్నీ అక్కడ అంటుకున్నాయి. సుఖరోగాలు. 1877లో తట్టు. ఆ హోమ్‌లలో పుట్టిన దాదాపు 150 మంది పిల్లల్లో ఒక్కరూ రెండేళ్లు దాటి బతకలేదని రికార్డు. 1901 లెక్కల్లో గ్రేట్ అండమానీయులు 625 మంది. 1931లో 90. 1961లో 19.

పందొమ్మిది. మా చిన్నతాత మిల్లులో లెక్కలు రాస్తున్న సంవత్సరాలవి. ఆయన చెడ్డవారు కాదు. కానీ మేము రాసిన ఆ వాక్యంలో ఆ పందొమ్మిది మంది ఎక్కడ?

పోర్ట్ బ్లెయిర్ పెదనాన్నగారు ఫోను చేసి కోప్పడ్డారు. "మన పరువు మనమే తీసుకుంటామా? మనవాళ్లు కూడా బాధితులే కదా!" అవును పెదనాన్నా, బాధితులే. అందుకే ఇది రాస్తున్నాం. మన్యం సంగతే చూడండి. 1879లో రంప తిరుగుబాటు ఎందుకు వచ్చింది? కొండవాళ్లు తమ చెట్టు కల్లు తాము తీసుకుంటే పన్ను కట్టమన్నందుకు. చిగురుపన్ను అనేవాళ్లు దాన్ని. మునసబుదారు దోపిడీ, పోలీసుల వేధింపు, కోర్టుల్లో వడ్డీవ్యాపారుల ఆటలు, అన్నీ కలిసి అంటుకుంది. అణిచేశాక చాలామందిని అండమాన్‌కి తోలారు. తమ కొండ, తమ చెట్టు, తమ పోడు కోసం లేచిన కోయలు, కొండరెడ్లు. వాళ్లని తీసుకెళ్లి ఇంకో కొండజాతివాళ్ల చెట్లు నరికే ఊళ్లో పడేశారు. ఆ శిక్ష ఎంత క్రూరమో తీర్పు రాసిన జడ్జికి కూడా తట్టి ఉండదు.

1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో లేచిందీ అదే మన్యం. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల మీద దాడులు మనందరికీ బాగా తెలుసు, సినిమా పుణ్యమా అని. రాజుని 1924 మే 7న కాల్చేశాక ఆయన అనుచరులు కొందరు అండమాన్ చేరారు. గాం మల్లుదొర వాళ్లలో ఒకరు. శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో తొలి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి ఎన్నికయ్యారు. మేము ఏటా సంఘం సమావేశాల్లో ఈ కథ చెప్పి చప్పట్లు కొట్టించాం. చెప్పాల్సిందే. కానీ గిరిజనుడికి అడవి మీద హక్కు ఉందని రంపలో ఒప్పుకున్నవాళ్లం, ఓడ దిగగానే ఆ మాట మర్చిపోతే ఎలా? గోదావరి పక్కన అది హక్కు, బంగాళాఖాతంలో ఖాళీ అడవి?

"తెల్లవాడు చేసిన పాపం మనకెందుకు" అని ఇంకో మాట వస్తుంది. 1947 తరవాత ఎవరు చేశారండీ? టికెట్ ఆఫ్ లీవ్ మీద బయటికొచ్చిన ఖైదీలకి పొలాలిచ్చింది బ్రిటిషువాళ్లు. ఆ తరవాత కాందిశీకులకి, మనలాంటివాళ్లకి, ఉద్యోగులకి, ఎకరాలు పంచిందీ, జారవాల అడవి మధ్యలోంచి ట్రంక్ రోడ్డు వేసిందీ మన సర్కారే. వెళ్లినవాళ్లకి ఇంకో దారి లేకపోవచ్చు. శ్రీకాకుళం తీరం నుంచి ఆకలికి వెళ్లిన జాలరిని ఎవరు తప్పుపడతారు? 2011 లెక్కల ప్రకారం ఆ దీవుల్లో తెలుగు మాతృభాష అన్నవాళ్లు 50 వేల పైచిలుకు, వందకి 13 మంది. అదే లెక్కల్లో గ్రేట్ అండమానీయులు 44 మంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి, చాలు. అపరాధభావంతో ఏడవమని ఎవరూ అడగడం లేదు. ఉన్నవాళ్లని లేరు అనకండి అంటున్నాం, అంతే.

మనం అసలు ఈ మాట ఎలా అనగలిగాం? మద్రాసు తెలుగువాళ్లం మనం! మనకి ఉన్న ఒకే ఒక్క పెద్ద ఫిర్యాదు ఏమిటి? ఈ ఊరి చరిత్రలో మనం లేనట్టే రాస్తున్నారని కదా. పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగువారని ఆయన పేరున్న కాలేజీ ముందు మెట్రో దిగేవాళ్లకి తెలీదని గొణుక్కుంటాం. బ్రాడ్‌వేకి ప్రకాశం పేరు పెట్టారు, ఆ ప్రకాశం ఎవరో ఆ రోడ్డు మీద అంగడివాడికి తెలీదని నవ్వుకుంటాం. 2006 చట్టం వచ్చాక మన పిల్లలకి బడిలో తెలుగు అక్షరం దూరమైందని వినతిపత్రాలు ఇచ్చాం, కోర్టుల చుట్టూ తిరిగాం. న్యాయమైన ఫిర్యాదే. అయితే మన భాష పోయినా ఆంధ్రలో, తెలంగాణలో కోట్లమంది మాట్లాడతారు. బో అనే భాష మాట్లాడే చివరి మనిషి, బోవా సీనియర్ అనే ముసలమ్మ, 2010 జనవరిలో పోయింది. ఆమెతో మాట్లాడి ఆ భాషను రాసిపెట్టిన అన్వితా అబ్బీ చెప్పింది: ఆమె పక్షులతో మాట్లాడేదట, తన భాష అర్థం చేసుకునే మనిషి ఎవరూ మిగల్లేదు కాబట్టి. మన బాధా వాళ్ల బాధా ఒకటని చెప్పడానికి కాదు ఇది. ఒకటి కాదు. కానీ చెరిపేయడం ఎలా ఉంటుందో కాస్తయినా రుచి చూసినవాళ్లం, రబ్బరు మన చేతిలోకి రాగానే అదే పని చేశాం.

ఊళ్ల పేర్ల మాట కూడా అనేస్తాం. రాస్ దీవికి 2018లో నేతాజీ పేరు పెట్టారు. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. బ్లెయిర్ పేరు పోయినందుకు మాకేం బెంగ లేదు. కొత్తగా పెట్టిన ఈ పేర్లలో ఒక్కటైనా ఆ దీవుల పాత భాషలోది ఉందేమో చూడండి.

ఇప్పుడు అసలు గొడవ. మా బంధువుల గ్రూపులో పోయిన నెల ఒక వీడియో వచ్చింది. ట్రంక్ రోడ్డు మీద కారులోంచి తీసింది. జారవా పిల్లలు రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు, లోపల మనవాళ్ల నవ్వులు, "అదిగో అదిగో" అంటూ. తెలుగులో. కింద పాతిక నవ్వు బొమ్మలు. జూకి వెళ్లినప్పుడు కూడా మన పిల్లలకి బిస్కెట్ విసరొద్దని చెప్తాం కదా! 2012లో ఇలాంటి వీడియోనే ప్రపంచమంతా తిరిగి దేశం పరువు తీసింది. ఆ రోడ్డు మూసేయమని సుప్రీం కోర్టు 2002లోనే చెప్పింది. జారవాల ఫొటో తీయడం నేరం. నేరం సంగతి పక్కన పెట్టండి. 1999లో వాళ్లకి తట్టు సోకింది, 2006లో మళ్లీ సోకింది. అప్పటికి నాలుగొందల మంది కూడా లేని జాతికి మన దగ్గు ఏం చేయగలదో 1877లోనే తేలిపోయింది.

వీడియో పెట్టినాయనే, వరసకి మాకు బాబాయి, "మరి సెంటినెల్‌వాళ్లు బాణాలు వేస్తారు, వాళ్లు మంచివాళ్లా?" అని అడిగారు. బాబాయిగారూ, 1880లో పోర్ట్‌మన్ అనే అధికారి ఆ దీవిలో దిగి ఒక ముసలి జంటని, నలుగురు పిల్లల్ని ఎత్తుకుపోయాడు. పెద్దవాళ్లిద్దరూ జబ్బు చేసి చచ్చిపోయారు. పిల్లల్ని, చేతిలో కానుకలు పెట్టి, రోగంతో సహా వెనక్కి దింపాడు. మన ఇంటి పిల్లల్ని అలా తీసుకెళ్లి తిరిగి తెస్తే, మళ్లీ గుమ్మంలోకి వచ్చినవాణ్ణి మనం కాఫీ ఇచ్చి కూర్చోబెడతామా?

"అయితే వాళ్లు ఎప్పటికీ అడవిలోనే పడి ఉండాలా, వాళ్లకి చదువు, వైద్యం వద్దా" అన్న ప్రశ్న ఒక్కటి మాత్రం నిజమైన ప్రశ్న. మాకు దానికి ఒక్క మాటలో జవాబు లేదు. కానీ జవాబు చెప్పాల్సింది వాళ్లు. మనం "వాళ్ల మంచికే" అని చేసినవాటి లెక్క అండమాన్ హోమ్‌తో మొదలవుతుంది.

గ్రేట్ నికోబార్‌లో ఇప్పుడు పెద్ద రేవు, విమానాశ్రయం, కొత్త పట్నం కడతామంటున్నారు. 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చారు. 130 చదరపు కిలోమీటర్ల అడవి. అక్కడ షోంపెన్‌లు ఉన్నారు, 2011 లెక్కల్లో 229 మంది. 2004 సునామీలో ఊళ్లు పోయిన నికోబారీయులు మా ఊళ్లకి మమ్మల్ని పోనివ్వండి అని ఇప్పటికీ అడుగుతున్నారు. మా గ్రూపులో అప్పుడే లెక్కలు మొదలయ్యాయి. కాంట్రాక్టులు దొరుకుతాయా, స్థలం ఇప్పుడే కొనొచ్చా అని. "అక్కడంతా ఖాళీయేగా" అని ఒకాయన రాశారు. ఆ మాట ఎక్కడ నేర్చుకున్నారో మాకు తెలుసు. మా దగ్గరే.

కాబట్టి ఇవి చేస్తున్నాం. పాత వాక్యం తీసేసి, ఆ చోట ఇది పెట్టాం: "మా చిన్నతాత పని చేసిన చాథమ్ దక్షిణ అండమాన్‌లో ఉంది. అది గ్రేట్ అండమానీయుల నేల. ఆయన వెళ్లేనాటికి వాళ్లు పాతికమంది కూడా మిగల్లేదు." కుర్చీ ఫొటో కింద కూడా ఇదే రాశాం. డిసెంబరు ఓడకి టికెట్లు తీసుకున్న మా పిల్లలకి, బారాటాంగ్ గుహలకి ఆ రోడ్డు మీద పోవద్దని, అబర్డీన్ స్మారకం దగ్గర మాత్రం దిగి చూడమని చెప్పాం. జారవా వీడియో మా గ్రూపులోంచి తీసేయించాం. దాంతో ఇద్దరు గ్రూపు వదిలి వెళ్లిపోయారు. వాళ్లు పెద్దవాళ్లు, వెళ్లి బతిమాలాలి, బతిమాలతాం, వీడియో మాత్రం తిరిగి రాదు.

పెదనాన్నగారు వచ్చే నెల హార్బరులో దిగుతున్నారు. నేరుగా ఇంటికి వచ్చి మాతో తేల్చుకుంటానన్నారు. రండి పెదనాన్నా. కుర్చీ మీకే.